ముందు నువ్వు తాగన్నా

ఎర్రకొండ అడవిలో జంతువులకో విశ్వవిద్యాలయం ఉండేది. చదువు మాట దేవుడెరుగు, అక్కడ ముందు ప్రాణాలతో ఉండటం నేర్చుకోవాలి. వాగొడ్డున రెల్లుగడ్డిలో చిరుత కాపురం మరి. అందుకే ప్రిన్సిపాల్ ఏనుగయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. నీళ్లకు జతగా పోవాలి. ఒకరు వంగి తాగుతుంటే ఇంకొకరు తలెత్తి కాపలా కాయాలి. ముందు సీనియరే తాగాలి.

ఆ ఏడు ఊరి దొడ్డి నుంచి చెంగి అనే మేకపిల్ల కొత్తగా చేరింది. పుట్టి బుద్ధెరిగాక తొట్టిలో తప్ప నీళ్లు తాగి ఎరగదు. మొదటిరోజు బెదురులో ఏనుగయ్య చెప్పింది సగం వినిపించుకోలేదు. హాస్టల్లో దాని రూమ్మేటు ఈదమ్మ అనే ముళ్లపంది. మాట పెళుసు, మనిషి ముభావం అంటారే, ఆ రకం. దొడ్డిలో అందరూ ఒకరినొకరు ఆనుకుని పడుకునేవాళ్లు. ఇక్కడ పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. గోడకేసి తిరిగి ఏడ్చుకునేది చెంగి.

అప్పుడొచ్చాడు సీనియర్ నక్క జంబన్న. చెల్లీ చెల్లీ అంటూ క్లాసులు చూపించాడు, లేత చిగుళ్లు తెచ్చిపెట్టాడు. జింకలు నీ దొడ్డి వాసన చూసి నవ్వుకుంటున్నాయన్నాడు. ఈదమ్మతో మాత్రం మాట్లాడకు, ముళ్లు విసురుతుందన్నాడు. పిల్ల నమ్మింది. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అన్లేదు గానీ, ఒంటరిగా ఉన్నవాళ్లకి అవన్నీ గుర్తొస్తాయా?

ఆ జంబన్నే చిరుత దగ్గరికి పోయి బేరం కుదుర్చుకున్నాడు. రేపు పొద్దున ఒక మేకపిల్లను తెస్తాను, నాకూ ఇంత పడెయ్యి అన్నాడు. రెల్లు సందుల్లోంచి ఎవరెవరో తనకు ఆనదని చిరుత గొణిగింది. తల వంచినదాని మీద దూకు, అంతే, అన్నాడు నక్క.

తెల్లారి చెంగి బయల్దేరుతుంటే ఈదమ్మ ఎక్కడికని అడిగింది. జంబన్నతో నీళ్లకని, తననే ముందు తాగమన్నాడని చెంగి మురిసిపోతూ చెప్పింది. ఈదమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"పిల్లా, కొత్తవాళ్లని ముందు తాగమన్న సీనియర్ని నేనింతవరకు చూళ్లేదు. ముందు వాణ్ణి తాగమను."

చెంగికి ఒళ్లు మండింది. జంబన్న దీని గురించి చెప్పింది నిజమే అనుకుంటూ విసవిసా వెళ్లిపోయింది.

తీరా వాగు దగ్గర ఒక్క పిట్ట అరుపు లేదు. జంబన్న చూపు నీళ్ల మీద లేదు, రెల్లుగడ్డి మీదే ఉంది. ఈదమ్మ మాట చెంగికి అప్పుడు తట్టింది. పరిగెడదామంటే వెనక దారికి అడ్డంగా నక్కే నిలబడ్డాడు. నీళ్లకు ఓ అడుగు ఎడంగా నిలబడి అడిగింది.

"పెద్దవాడివి, ముందు నువ్వు తాగన్నా. నేను కాపలా కాస్తాను."

నాకు దాహం లేదన్నాడు జంబన్న.

"అయితే పద, ఎవరు ముందు తాగాలో ఏనుగయ్యనే అడుగుదాం."

నక్క నోట్లో తడారిపోయింది. ఏనుగయ్య చెవిన పడితే అడవిలో చోటుండదు. ఉత్తినే మూతి తడిపి లేస్తే సరి, చిరుత నన్ను గుర్తుపట్టదా ఏం అనుకుని తల వంచాడు.

రెల్లు చీల్చుకుని చిరుత దూకింది. జంబన్న పెట్టిన కేకకి అడవంతా ఉలిక్కిపడింది. నేనే, నేనే అని మొత్తుకుంటుంటే, తల వంచినదాని మీదే కదా దూకమన్నావు అంది చిరుత. తోక దాని నోట్లోనే వదిలేసి అడవి దాటి పారిపోయాడు మహానుభావుడు.

చెంగి వెనక్కి చూడకుండా గదికి పరిగెత్తింది. ఈదమ్మను ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముళ్లు గుచ్చుకున్నాయి. అయినా పక్కకి జరగలేదు.

కొత్త చోట ముందుగా పలకరించినవాడు కాదు, నలుగురితో పలకనిచ్చేవాడే నీ వాడు.