మూడుసార్లు విప్పిన చక్రం

అనగనగా గోదారి మధ్యన ఒక లంకూళ్ళో నూకరత్నం అని ఒక పూలావిడ ఉండేది. మల్లెమొగ్గలతో పెళ్ళిజడ కుట్టాలంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. ఒక్క మొగ్గ వంకరగా పడినా అక్కడిదాకా విప్పేసి మళ్ళీ కుట్టేది. పైన ఇంకో మొగ్గ పెట్టి కప్పెయ్యడం ఆవిడకి చేతకాదు.

ఆ లంక చివర అనంతలక్ష్మి అని ఒక తల్లిలేని పిల్ల. "నీ పెళ్ళిజడ నేనే కుట్టి నా చేత్తోనే పెడతానే" అని నూకరత్నం ఎప్పుడో మాటిచ్చింది. ఆ పెళ్ళి రానే వచ్చింది. పొద్దుగూకే వేళకి ముహూర్తం. మధ్యాహ్నానికల్లా జడ తయారుచేసి, తడిబట్టలో చుట్టి బుట్టలో పెట్టింది. మొగుడు పొద్దున్నే పడవెక్కి బజారుకెళ్ళాడు. మోటారుబండి మటుకు ఇంట్లోనే ఉంది. తీరా చూస్తే ముందుచక్రంలో గాలి లేదు.

నడిచి వెళ్తే దీపాలు పెట్టే వేళవుతుంది. అందాకా మొగ్గలు ఆగుతాయా నాన్నా? విచ్చుకుంటాయి. విచ్చుకున్నాక జడ ముట్టుకుంటే రాలిపోతుంది, ఇంక తలకి పెట్టేదేముంది? బండి బాగుచేసేవాడేమో ఏటి అవతల.

"నేనే విప్పుతాను," అంది నూకరత్నం.

"గరిటె తిప్పడమనుకున్నావా?" అంది అత్తగారు పాపాయమ్మ.

అప్పుడు నూకరత్నం బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, అత్తగారిని వెనక సీటెక్కించింది. ఆవిడ బరువుకి ముందుచక్రం గాల్లోకి లేచింది. ఇంజను కిందికి చిన్నరోలు దొర్లించి, మధ్యన గోనెసంచి దోపింది.

"దిగమంటావా, ఊరేగిస్తావా?" అంది పాపాయమ్మ.

ఆ తర్వాత బ్రేకు తీగ తప్పించింది. నట్టు రాలేదు. కిరసనాయిలు పోసి, పానా పెట్టి, పానా మీద కాలేసి తొక్కింది. కిర్రుమని కదిలింది. ఇరుసు లాగితే చక్రం ఒళ్ళో పడింది. నట్టు, వాషరు, బుష్షు, వచ్చినవి వచ్చిన వరసలో అరటినారకి గుచ్చింది, పూలు గుచ్చినట్టే. ట్యూబు లాగి నీళ్ళలో ముంచితే బుడగలొచ్చాయి. అక్కడ ప్యాచ్ అంటించింది. అరటినార చివర్నుంచి ఒక్కొక్కటీ తీసి బిగించింది. అప్పుడు పంపు కొట్టింది. ఎక్కిన గాలంతా బుస్సుమని పోయింది.

"ముల్లు తీశావటే?"

తియ్యలేదు. తుమ్మముల్లు టైరులోనే నిక్కి కూర్చుంది.

రెండోసారి విప్పింది. ముల్లు పీకి, టైరంతా వేళ్ళతో తడిమి, ఇంకో ప్యాచ్ వేసి బిగించింది. గాలి నిలిచింది. చక్రం తిప్పి బ్రేకు పట్టింది. చక్రం ఆగలేదు సరికదా, పక్కనున్న బ్రేకు ప్లేటు కూడా దాంతోపాటే తిరిగింది. ఆ ప్లేటుకి ఒక గాడి ఉంటుంది నాన్నా. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు కడ్డీకున్న బొడిపె అందులో కూర్చోవాలి. కూర్చోలేదు.

అప్పటికి ఎండ అరుగు దిగిపోయింది. "మెల్లగా పోరాదూ, బ్రేకెందుకు?" అంది పాపాయమ్మ.

"ఆగని బండెక్కితే పెళ్ళింటికి జడ కాదత్తయ్యా, ఏడుపు తీసుకెళ్తాను."

మూడోసారి విప్పింది. ఈసారి పాపాయమ్మ వేళాకోళం ఆడలేదు. కొంగు దోపుకుని వచ్చి చక్రం ఎత్తిపట్టింది. "జడకి మూడు పాయలుండాలిగా. కానియ్," అంది. బొడిపె గాడిలో టక్కున కూర్చుంది. చక్రం తిప్పితే తిరిగింది, బ్రేకు పడితే ఆగింది.

అప్పుడు నూకరత్నం చేతులు తోముకుని, బుట్ట కట్టుకుని, ఏటిగట్టు మీద రయ్యిమని పోయింది. మొగ్గలింకా కళ్ళు తెరవలేదు.

పెళ్ళికూతురికి జడ పెట్టి చూసుకుంటే ఏముంది? ఒక మొగ్గకి నల్లగా గ్రీజు. తన గోటిలో మిగిలిందే. నూకరత్నం ప్రాణం ఉసూరుమంది. అక్కడిదాకా విప్పబోయింది. అనంతలక్ష్మి అద్దంలో చూసి చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పిన్నీ. అమ్మ ఉంటే దిష్టిచుక్క పెట్టేది కదా."

తాళి కట్టే వేళకి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. ఆ చుక్కున్నది కూడా.

బండి చేరె పెళ్ళింటికి,
మల్లె విరిసె మాపటికి,
కథ వెళ్ళె కంచికి, మనమొచ్చాం ఇంటికి,
కునుకు రావే మా నాన్న కంటికి.