రాతికి పువ్వెలా పూసిందంటే

ఒకప్పుడు ఈ అడవిలో రాళ్ళన్నీ బోడిగా ఉండేవి. ఇప్పుడు మీరు వీపు ఆనించి కూర్చున్నారే, ఈ నిలువురాళ్ళు, వీటి మీద ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు. గుండు చేయించుకున్నట్టు నున్నగా ఉండేవి. ఒరేయ్ సూరీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని విను.

వీటిని ఎవరు పాతారంటారా? రాక్షసులు కాదు, దేవుళ్ళు కాదు, మనలాంటి మనుషులే. ఈ గుట్ట కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా పోతే, వాళ్ళ పేరున ఒక రాయి తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాళ్ళు. తేవడమంటే మాటలా! వాగు ఒడ్డు నుంచి మొద్దుల మీద దొర్లించుకుంటూ, మోకులు కట్టి నలభై మంది లాగితే, నాలుగు రోజులకి గుట్ట ఎక్కేది.

అంత కష్టం కాబట్టి దానికొక కట్టుబాటు ఉండేది. ఏటా వానల్లో, విత్తనాలు చల్లడం అయిపోయాక రాళ్ళ పండగ చేసేవాళ్ళు. ఊరంతా ఇక్కడికే వచ్చేది. ఎవరి రాయి ముందు వాళ్ళు పొయ్యి పెట్టి వండుకునేవాళ్ళు, రాయి మీద పువ్వు పెట్టేవాళ్ళు. పొద్దుగూకే వేళకి ఏ రాయి మీద పువ్వు లేదో, ఆ రాయికి నా అన్నవాళ్ళు లేరని అర్థం. దాన్ని పీకి, కొత్తగా పోయినవాళ్ళ పేరున పాతేసేవాళ్ళు. ఇక పాత మనిషిని ఎవరూ తలుచుకోరు. ఆ పేరు అంతటితో సరి.

ఆ ఊళ్ళో కోసమ్మ అని ఒక పిల్ల ఉండేది. తండ్రి లేడు, తోబుట్టువులు లేరు. తల్లి జోగమ్మే కూలికెళ్ళి, కట్టెలమ్మి పెంచింది. కోసమ్మకి పెద్దవాగు అవతల ఊళ్ళో పెళ్ళి చేసింది. పెళ్ళయిన ఏడాదే జోగమ్మ పోయింది. ఊరివాళ్ళు మంచి రాయే చూసి నిలబెట్టారు. ఇదిగో, ఆ మూల పొట్టిగా, కాస్త పక్కకి ఒరిగి ఉంది చూడండి, అదే. ఎందుకు ఒరిగిందో ఇప్పుడే చెప్తాను.

రాళ్ళ పండగ వచ్చింది. పండగతో పాటు వానా వచ్చింది. పెద్దవాగు పొంగి ఒడ్డులు తెగేలా పారింది. కోసమ్మ చేతిలో పువ్వులు పట్టుకుని అవతలి ఒడ్డున మూడు రోజులు నిలబడింది. నీళ్ళు తగ్గగానే పరుగెత్తుకుంటూ గుట్ట ఎక్కింది. ఎక్కేసరికి ఏముంది? తల్లి రాయికి మోకులు కట్టేసి ఉన్నాయి. రాయి సగం పైకి లేచింది.

"ఆగండి! ముట్టుకున్నారంటే ఊరుకోను!" అంటూ కోసమ్మ వెళ్ళి రాయిని కావలించుకుంది.

ఊరిపెద్ద ఉంగయ్య చెడ్డవాడేం కాదు. కట్టుబాటంటే కట్టుబాటే అనే రకం, అంతే. "ఏం చెయ్యమంటావే కోసీ? పండగ మొన్ననే అయిపోయింది. మీ అమ్మ రాయి మీద పువ్వు లేదు. అందరూ చూశారు" అన్నాడు.

"వాగు పొంగింది తాతా. ఒడ్డునే నిలబడిపోయాను. ఇవిగో పువ్వులు, చేతిలోనే వాడిపోయాయి."

"వాగు ఏటా పొంగుతుంది. ఏటా ఇదే మాట చెప్తావా?"

కోసమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఏడవలేదు. ముక్కు ఎగబీల్చి, నడుముకి చెంగు బిగించింది.

"తాతా, ఆ కట్టుబాటు ఏంటో ఇంకోసారి చెప్పు. అందరికీ వినపడేలా చెప్పు."

"పండగ నాడు పొద్దుగూకే వేళకి రాయి మీద పువ్వు ఉండాలి."

"ఉండాలి అన్నావా, పెట్టాలి అన్నావా?"

ఉంగయ్య గడ్డం గోక్కున్నాడు. "ఉండాలి అనే. మా తాతల నాటి నుంచీ అదే మాట."

"అయితే సరే! ఎవరూ తెచ్చి పెట్టక్కర్లేదు. మా అమ్మ రాతికే పువ్వు పూస్తుంది. ఒక్క ఏడాది ఆగండి."

జనం ఒక్కటే నవ్వు. "రాతికి పువ్వు పూస్తుందట, విన్నారా!" "పాపం, తల్లి పోయాక పిల్లకి మతి చెడింది!"

ఉంగయ్య మాత్రం నవ్వలేదు. "ఒక్క ఏడాదే. ఆ తర్వాత నా కాళ్ళ మీద పడ్డా వినను" అని మోకులు విప్పించాడు. సగం లేచిన రాయి అలా ఒరిగే ఉండిపోయింది.

మాటైతే అనేసింది. ఇప్పుడు పువ్వేది? కోసమ్మ అడవిలో పడి ఒక్కో చెట్టునీ అడగడం మొదలుపెట్టింది.

తంగేడు విని కిసుక్కున నవ్వింది. "నేనా? రాతి మీదా? వేరెక్కడ పెట్టుకోనూ, నీ నెత్తి మీదా?"

ఇప్పచెట్టు మర్యాదగానే చెప్పింది. "నేను పూసేది ఎండల్లో తల్లీ, మీ పండగేమో వానల్లో. పైగా నా పువ్వు తెల్లారేసరికి రాలిపోతుంది."

అడవిమల్లె తీగకి కొంచెం జాలి కలిగింది. పాక్కుంటూ వచ్చి రాతి మీద ఒక ఆకు మోపింది. మోపీ మోపగానే "అమ్మో, కాలిపోయా!" అని గంతేసి పొదలోకి దూరింది. మళ్ళీ పిలిస్తే పలకలేదు.

కోసమ్మ వచ్చి తల్లి రాయి పక్కన చతికిలబడింది. "ఎవరూ రాకపోతే పొండి. నేనే ఇక్కడ కూర్చుని వేళ్ళు దించుకుంటాను. కదిలేది లేదు" అంది.

అప్పుడు రాయి అడుగు నుంచి ఒక సన్నని గొంతు వినిపించింది. "నేను వస్తానంటే రానిస్తావా?"

కోసమ్మ వంగి చూసింది. రాయి కింద తడిలో ఇంత పచ్చటి మరక. పాచి!

"నువ్వా? నీ మీద కాలు జారేగా మా అత్త నడుం విరగ్గొట్టుకుంది!"

"అందరూ నన్ను తిట్టేవాళ్ళే" అంది పాచి. "నాకొచ్చిన విద్య ఎవరూ అడగరు. ఇంత ఎండ, ఇంత తడి ఉంటే చాలు, నా తిండి నేనే వండుకుంటాను. కానీ నాకు పట్టు లేదు. రాతి మీదికి ఎక్కితే ఒక్క వానకే జారిపోతాను."

పక్కనే పుచ్చిన మొద్దు మీంచి ఇంకో గొంతు లేచింది. అది బూజు. "పట్టంటే నాది! నేను పట్టుకున్నానంటే చీపురు అరగాల్సిందే! నాకు వంట రాదు, అదే నా ఖర్మ. ఎప్పుడూ ఒకళ్ళ ఎంగిలే తినాలి."

"నిన్నెవరు పిలిచారు, కంపు వెధవా?" అంది పాచి.

"నువ్వేమో పెద్ద పన్నీరు బుడ్డివి!" అన్నాడు బూజు.

కోసమ్మ చప్పట్లు కొట్టి ఇద్దర్నీ ఆపింది. "కొట్టుకు చావకండి. నువ్వు వండు, అతను పట్టుకుంటాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండండి."

"వీడితో కాపురమా? ఛీ!"

"మా అమ్మ పేరు పోతుందే పాచమ్మా" అని కోసమ్మ జరిగిందంతా చెప్పింది. ఈసారి మాత్రం కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

పాచి అంది, "ఛీ అనడం తప్ప మమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నువ్వు పిలిచావు. సరే, పదరా వెధవా, ఎక్కుదాం."

కోసమ్మ అత్తారింటికి వెళ్ళింది. పాచీ బూజూ రాయి ఎక్కారు. అప్పుడు మొదలయ్యాయండీ వాళ్ళ కష్టాలు!

బూజు పట్టు కోసం రాతిలో గోళ్ళు దింపాడు. "ఎవర్రా అది, చక్కిలిగిలి పెడుతున్నారు?" అని రాయి మూలిగింది. సంగతి విని, "కానివ్వండి. నాకూ ఇక్కడ ఏమీ తోచడం లేదు" అంది.

సూర్యుడు చూశాడు. "ఆ రాయి రోజూ నేను కాల్చుకునే పెనం. దిగండి" అన్నాడు. "దిగం" అన్నారు ఇద్దరూ. సూర్యుడికి కోపం వచ్చి వేసవంతా కుమ్మేశాడు. పాచి వాడిపోతుంటే బూజు దాన్ని చుట్టూ కప్పి, "ముడుచుకో, ఊపిరి బిగబట్టు" అన్నాడు. ఇద్దరూ ఎండి పొట్టులా అయ్యారు. ఒక కాకి వచ్చి తొంగి చూసి, "చచ్చారు" అని ఊరంతా చాటింది. మర్నాడు పొద్దున ఇంత మంచు పడగానే ఇద్దరూ కళ్ళు తెరిచారు, బతికే ఉన్నారు! కాకి సిగ్గుపడి ఎటో పోయింది.

గాలి ఊడబెరకాలని చూసింది. వాన కడిగెయ్యాలని చూసింది. "ఎన్నిసార్లు వస్తావో రా" అని బూజు పళ్ళు బిగించేవాడు. మధ్యమధ్య ఇద్దరూ తిట్టుకునేవాళ్ళు కూడా. "కూరలో ఉప్పేదీ?" "రాతి మీద ఉప్పెక్కడ దొరుకుతుందిరా?" ఇలాగే ఏడాది గడిచింది. అంత తంటాలు పడితే ఎంత పెరిగారనుకున్నారు? కోసమ్మ బొటనవేలి గోరంత! బూడిద రంగులో, అంచులు ముడతలు ముడతలుగా, అంతే.

మళ్ళీ పండగ వచ్చింది. మళ్ళీ వాగు పొంగింది.

"వెళ్ళకే, కొట్టుకుపోతావు" అన్నాడు కోసమ్మ మొగుడు.

"పోతే పోతాను. మాటిచ్చి ఇంట్లో కూర్చోను" అని కోసమ్మ రెండు ఎండు సొరబుర్రలు నడుముకి కట్టుకుంది. ఇప్పనూనె బుడ్డి చెంగున ముడేసింది. సిగలో మల్లెలు తురుముకుంది. వాగులో దూకింది. నీళ్ళు ఆమెని మైలు దూరం ఈడ్చుకుపోయాయి. ఎలాగో ఇవతలి ఒడ్డు చేరింది. సిగ తడుముకుంటే ఒక్క పువ్వు మిగల్లేదు. అన్నీ వాగు పట్టుకుపోయింది.

తడి చీరతోనే గుట్ట ఎక్కింది. తల్లి రాయి ముందు పొయ్యి రాజేసి, ఆనవాయితీ ప్రకారం మూకుడు పెట్టి నూనె పోసింది. అప్పటికే పొద్దు వాలింది. ఉంగయ్య మోకులతో, మనుషులతో వచ్చాడు.

"ఏదమ్మా పువ్వు?"

"ఇదిగో తాతా."

ఉంగయ్య వంగి చూశాడు. "ఇదా? రాతికి గజ్జి పట్టినట్టుంది!"

"సరిగ్గా చూడు. రేకులు లేవూ?" అంది కోసమ్మ.

"రేకులు ఉంటే సరా? పువ్వంటే వాసనుండాలి" అంది జనంలోంచి ఒక ముసలమ్మ. అవునవునని అందరూ తలూపారు. ఉంగయ్య ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. "రాయి వాసనే. కట్టండ్రా మోకులు."

కోసమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది. "ముందు నన్ను కట్టండి. నన్ను పీకాకే మా అమ్మని పీకండి."

అప్పుడు వెనకనుంచి పాచి మెల్లగా పిలిచింది. "కోసమ్మా, నూనె కాగిందా?"

"కాగింది. ఎందుకు?"

"మాలో సగం గిల్లి అందులో వెయ్యి."

"ఏంటీ? ఏడాదంతా ఏడ్చి గోరంత అయ్యారు. అందులో సగం వేయించమంటావా? నా వల్ల కాదు."

"మా వాసన పైకి రాదే. ఎండ లాగేసుకుంటుందని ఈ వెధవ లోలోపల దాచిపెట్టాడు. కాగిన నూనె తగిలితే తప్ప బయటపడదు."

"నొప్పి పుట్టదా?"

"పుడుతుంది. అయినా వెయ్యి" అన్నాడు బూజు. "మిగిలిన సగాన్ని నేను వదలను. మళ్ళీ మొదట్నుంచి పెరుగుతాం. అంతేగా!"

కోసమ్మ పెదవి కొరుక్కుని, సగం గిల్లి, మూకుట్లో వేసింది.

చుయ్యిమంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లేచిందండీ వాసన! తొలకరి మట్టి, కట్టెల పొగ, అమ్మ చేతి కూర, అన్నీ కలిపినట్టు ఉంది. మోకులు పట్టుకున్నవాళ్ళ చేతులు వాటంతట అవే వదులయ్యాయి. అడవి ఆ చివర వండుకుంటున్నవాళ్ళు గరిటెలు పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "ఏం పువ్వే అది? ఏం పువ్వే?" అని ముసలమ్మ కోసమ్మని కుదిపేసింది.

ఉంగయ్య చుట్టూ చూశాడు. పొద్దున పెట్టిన పువ్వులన్నీ మిగతా రాళ్ళ మీద వడిలి వేలాడుతున్నాయి. మోకు ముడి తనే విప్పాడు. "రాయి మీద పువ్వుంది!" అని గుట్ట అదిరేలా అరిచాడు. "ఈ రాయి జోగమ్మది! ఎవరూ ముట్టుకోవడానికి లేదు!"

కోసమ్మ రాయికి తలానించి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడాదిగా బిగబట్టిన ఏడుపు మరి.

జనం వెళ్ళిపోతున్నా ఉంగయ్య కదల్లేదు. పెద్ద మనిషి, మాట తడబడింది. "కోసీ, ఆ అవతలది మా ఆవిడ రాయి. నాకు పిల్లల్లేరు. నేనున్నన్నాళ్ళూ పువ్వు పెడతాను. నా తర్వాత దానికెవరే?"

"నన్నడిగితే ఏం లాభం తాతా, ఈ పాచినీ బూజునీ అడుగు."

ఊరందరికీ ఆజ్ఞలు వేసే ఉంగయ్య, పాచికీ బూజుకీ చేతులు జోడించాడు. "అమ్మా పాచమ్మా, అయ్యా బూజయ్యా, మా ఆవిడ రాతి మీదికి కూడా వస్తారా?"

పాచి బూజు వైపు చూసింది. "ఏంరా వెధవా?"

"నాకేం, పట్టుకోవడమేగా" అన్నాడు బూజు. ఇద్దరూ తమ పొడి ఇంత దులిపి గాలికిచ్చారు. "ఎవరిదని అడగొద్దు. ప్రతి రాతి మీదా వెయ్యి" అని చెప్పారు.

అప్పటినుంచే రాతికి పువ్వు పూస్తోంది. మన వంటింట్లో మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు అదే. అప్పటినుంచే అది మట్టి అడగదు, నీళ్ళు పొయ్యమనదు, ఎండిపోయినా చావదు, ఏడాదికి గోరంత కంటే పెరగదు. అప్పటినుంచే ముక్కు దగ్గర పెట్టుకుంటే రాయి వాసన, కాగిన నూనెలో పడితే ఇల్లంతా ఘుమఘుమ. కోసమ్మ ఊరు ఎప్పుడో పోయింది. ఆ ఒరిగిన రాయి తప్ప మిగతావి ఎవరివో చెప్పేవాళ్ళే లేరు. అయినా లేచి వెతుక్కోండి, పొద్దుగూకేదాకా తిరగండి. పువ్వు లేని రాయి ఒక్కటి చూపించండి నాకు.