దస్తగిరి పొయ్యి, కుళ్లాయప్ప గాలిమర

గాలికొండ దర్గాలో వంట దస్తగిరిది. బొగ్గు పొయ్యి, దాని మీద మనిషి దాక్కునేంత డేగిసా. మధ్యాహ్నం నమాజు కాగానే మూత తీయాలి. కొండెక్కి వచ్చినవాళ్లని ఆకలితో కూర్చోబెట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు.

ఆ మధ్య కుళ్లాయప్ప అని కొత్త శిష్యుడొచ్చి, కొండ మీద గాలిమర నిలబెట్టాడు. దాని కరెంటుతో ఓ కడ్డీ ఎసట్లో కాగేలా బిగించాడు. బొగ్గు కలిసొస్తుందని అందరూ మురిసిపోయారు, దస్తగిరి తప్ప.

అతని కష్టం అతనిది. అంత చన్నీళ్లు మరగాలంటే పొయ్యి భగభగా మండాల్సిందే. మంట మీదుండగా గాలి వీచిందా, కడ్డీ కూడా కాగి, ఎసరు పొంగి పొయ్యిలో పడేది. పోనీ గాలిని నమ్మి బొగ్గు తగ్గించాడా, ఆ మహాతల్లి అలిగి వెళ్లిపోయేది. చల్లబడ్డ బొగ్గేమో ఓ పట్టాన రాజుకునేది కాదు.

ఓ రోజు అదే జరిగింది. అన్నం పలుకు మీదుండగానే మూత తీయాల్సి వచ్చింది. "నాకు పండ్లు లేవు నాయనా, ఎట్లా నమిలేది?" అని ఓ ముసలమ్మ నవ్వేసింది. దస్తగిరికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం దర్గా పెద్ద పీరుసాహెబు దగ్గరికి వెళ్లాడు.

"బాబా, నేనన్నా ఉండల్ల, ఆ గాలిమరన్నా ఉండల్ల. రేపు తేల్చండి."

"రేపు కదా, చూద్దాంలే" అన్నాడు బాబా.

తెల్లారింది. దస్తగిరి బావి నుంచి నిండు గంగాళం భుజానికెత్తుకుని ఇరుకు మెట్లెక్కుతున్నాడు. పైనుంచి బాబా ఎదురొచ్చాడు.

"పక్కకు జరుగు, దిగల్ల."

"ఇంత బరువుతో యాడికి జరిగేది బాబా? పడిపోతా!"

బాబా చేతిలోని చెంబు గంగాళంలో ముంచి, ఆ నీళ్లు తీసి పక్కనే బండ మీదున్న నల్లటి ఇనప మూకుళ్లలో పోయడం మొదలుపెట్టాడు. గంగాళం సగమయ్యాక దస్తగిరి ఒంటికాలి మీద కూడా జరగగలిగాడు. బాబా దిగిపోయాడు.

ఉదయమంతా నీళ్లు మోస్తూ దస్తగిరి సణుగుతూనే ఉన్నాడు. ఎసరుకు నీళ్లు చాలక, ఎండెక్కాక మళ్లీ ఆ బండ దగ్గరికొచ్చాడు. మూకుట్లో వేలు పెట్టి చురుక్కుమని లాక్కున్నాడు. కాసేపు బండనీ, సూర్యుణ్ణీ, పైన తిరుగుతున్న గాలిమరనీ చూశాడు. తర్వాత దర్గాలో ఉన్న మూకుళ్లన్నీ మోసుకొచ్చి ఆ బండ మీద పరిచి నీళ్లు నింపాడు. ఎవరికి కనబడినా పిచ్చెక్కిందనుకునేవారు.

ఆ వేడినీళ్లు డేగిసాలో పడ్డాక సన్నటి సెగ చాలింది. గాలి వీచింది. దస్తగిరి పొయ్యి నోరు సగం మూశాడు.

"వెయ్ రా కుళ్లాయప్పా, నీ కరెంటు!"

గాలి ఆగింది. పొయ్యి నోరు కాస్త తెరిచాడు. ఎసరు పొంగనూ లేదు, చల్లారనూ లేదు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

మూత తీస్తే అన్నం మల్లెపూవులా ఉంది. నిన్నటి ముసలమ్మ రెండోసారి పెట్టించుకుంది.

అందరి తర్వాత వంటవాళ్ల పంక్తి. బాబా వచ్చి కూర్చున్నాడు.

"ఏం దస్తగిరీ, పోయేదెవరు? నువ్వా, గాలిమరా?"

విస్తరి పట్టుకుని నిలబడ్డ కుళ్లాయప్పను దస్తగిరి చెయ్యి పట్టి లాగి, తను జరిగి, చాప మీద చోటిచ్చాడు.