చేదునీళ్ల తొట్టి

కుల్లాయమ్మ మందు పెట్టిన కోళ్లు చచ్చిపోయాయి.

ఒకటో రెండో అయితే వాటి ఆయువు తీరింది అనుకోవచ్చు. మారెక్క మందలో సగానికి పైగా పోయాయి. గుడ్లు పొదుగుతున్న ఎర్రకోడి గుడ్ల మీదే తల వాల్చేసింది. కుల్లాయమ్మ వెళ్లేసరికి మారెక్క వాటిని గంపకెత్తి, పాతిపెట్టడానికి ఊరి పక్క వంక ఒడ్డుకు తీసుకుపోతోంది. తిట్టలేదు. గంప బరువుకు మెడ వంచుకుని, ఆగకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.

కుల్లాయమ్మకు ఏడుపు రాలేదు. ఒక్కటే ప్రశ్న వచ్చింది. మందులో తప్పెక్కడ జరిగింది?

ఇంట్లో ఇంకా కొంచెం మందు మిగిలి ఉంది. దాన్ని ముంతలో పోసుకుని, మందుసంచి భుజాన తగిలించుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గుట్టెక్కింది.

గుట్ట మీద చిన్న దర్గా. దాని పక్కన నాపరాళ్లు పరిచిన వసారాలో దస్తగిరి తాత దూది ఏకుతున్నాడు. పరుపులు కుట్టడం ఆయన కులవృత్తి. పీరు సమాధికి దీపం పెట్టడం ఆయన వంతు. ఈ రెంటి మధ్య ఎవరైనా ఒంట్లో బాగాలేదని వస్తే ఆకో వేరో ఇచ్చేవాడు. మనిషికైనా, మేకకైనా, కోడికైనా ఒకే ఓపిక. మాటలు మాత్రం తక్కువ. దేవుడి గురించి అడగవచ్చినవాళ్లకు దూది పట్టుకోమని ఇచ్చేవాడు. పట్టుకున్నవాళ్లు కొన్నాళ్లు ఉండేవాళ్లు. మిగిలినవాళ్లు దిగి వెళ్లిపోయేవాళ్లు.

కుల్లాయమ్మ ఉండిపోయింది. ఆకు చూసి చెట్టు చెప్పడం, వేరు వాసన చూసి వయసు చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది. కిందటి వానాకాలంలో తాత తన మందుసంచి తీసి ఆమె భుజానికి తగిలించాడు.

"ఇంక నా పేరు సెప్పొద్దు. నీ చేత్తో నువ్వే ఇయ్యి" అన్నాడు.

అప్పటినుంచి ఆమె చేతికి మంచి పేరు వచ్చింది. మంచి పేరుతో పాటు తొందర కూడా వచ్చింది.

మారెక్కది పక్క ఊరు. మొగుడు లేడు, పొలం లేదు. గుడ్లు, కోళ్లు అమ్ముకునే బతుకు. ఆమె కోళ్ల తురాయిలు పాలిపోయాయి. రొమ్ము ఎముక కొడవలిలా తేలింది. రెట్టలో దారాల్లాంటి తెల్లటి పురుగులు. చూడగానే కుల్లాయమ్మకు అర్థమైంది. ఇది కడుపులో పురుగుల పని. వాయువిడంగాలు, మోదుగ గింజలు, వేపాకు, నేలవేము కలిపి కాచిన కషాయం తాగే నీళ్లలో కలిపితే సరిపోతుంది. ఒక్కో కోడిని తరిమి పట్టుకుని గొంతులో పోసే బాధ ఉండదు.

తాత ఆ మందును పలచగా కలిపేవాడు. పొద్దున పూట ఒకసారి పెట్టి తీసేసేవాడు. మళ్లీ మర్నాడు, ఆ మర్నాడు. తాత చేయి ముసలిదైపోయిందని, అందుకే అంత నెమ్మది అని కుల్లాయమ్మ అనుకునేది. ఒక్క దెబ్బకు పోయేదాన్ని అన్ని రోజులు సాగదీయడం ఎందుకు? ఆమె చిక్కగా కాచింది. తొట్టి నిండా పోసింది.

నాటుకోడికి తొట్టే దిక్కు కాదు. అంట్లు కడిగే జాలాడి దగ్గర పారే నీళ్లలో ముక్కు పెడుతుంది. పశువుల కుడితిలో పెడుతుంది. ఎక్కడ తడి ఉంటే అక్కడికి పోతుంది. అట్లా పోతే మందు ఎవరు తాగాలి? అందుకే కుల్లాయమ్మ వాకిట్లో ఒక మూలన తడిక కట్టించింది. కోళ్లన్నిటినీ లోపలికి తోలి, పొదిగేదాన్ని గుడ్లతో సహా లోపలే పెట్టి, మధ్యలో తొట్టి పెట్టించింది. తాడు ముడులు తనే వేసింది. మారెక్క చేతి ముడులు వదులని.

ఆమె పని ముగించుకుని రోడ్డెక్కుతుంటే మారెక్క వెనకాల పరుగెత్తుకొచ్చింది.

"మే కుల్లాయమ్మా, అవి ముట్టడం ల్యా మే. ముక్కు పెట్టి తల ఇదిలిస్తాండాయి."

"కొత్త రుచి కదక్కా. దప్పికైతే అవే తాగుతాయి."

"ఎండ సూడు, ఎట్ల కాస్తాందో. ఒక్క ముంతడు మామూలు నీళ్లు పెడ్తే?"

"పెడితే మందు ముడతాయా? నీళ్లే తాగుతాయి. అప్పుడు పురుగులు పోలేదని నన్నడగొద్దు."

"అట్ల కాదు మే..."

"నేను ఇచ్చే మందు నేను ఇచ్చినట్టే పెట్టు. లేదంటే ఇప్పుడే తీసుకుపోతా."

మారెక్క వెనక్కి తిరిగింది. మందిచ్చేవాళ్లతో వాదించడం ఆమెకు అలవాటు లేదు. కుల్లాయమ్మ అటునుంచి అటే ఇంకో ఊరు పోయింది. అక్కడ ఒక బర్రెకు కడుపుబ్బరం తగ్గించింది. బాగా మర్యాద చేశారు. ఉండిపొమ్మంటే రెండు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మారెక్క గంప ఎత్తుకుని వంక వైపు పోతోంది.

ఇప్పుడు వసారాలో నిలబడి, ముంత తాత ముందు పెట్టింది.

"తాతా, ఇందులో తప్పు యాడ జరిగిందో సెప్పు."

తాత ఏకే విల్లు పక్కన పెట్టాడు. గడ్డం నిండా దూది పింజలు. "ఏమేమి ఏసినావు?"

ఆమె చెప్పింది. ఏది ఎంత, ఏది ముందు, ఏది తర్వాత, తడిక కట్టి లోపల తొట్టి పెట్టించడంతో సహా అన్నీ పొల్లుపోకుండా చెప్పింది.

"కొలత తప్పలేదు తాతా. రవంత చిక్కగా కాచినా, అంతే. మోదుగ గింజలు పాతవేమో, ఇషమెక్కినాయేమో అని నా అనుమానం."

తాత ముంత ఎత్తి వాసన చూశాడు. తర్వాత నోటికి పెట్టుకున్నాడు.

"తాతా, వద్దు! దాంతోనే కోళ్లు సచ్చినాయి!"

"నేను కోడిని కాదులే" అని సగం ముంత గటగటా తాగేశాడు.

కళ్లు మూసుకున్నాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. కుల్లాయమ్మ చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"బాగ కాచినావు. పురుగులుంటే సస్తాయి. మందులో తప్పేం లేదు."

కుల్లాయమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. మందులో తప్పు లేదు. తన చేతిలో తప్పు లేదు.

"అయితే మారెక్కే ఏమన్నా చేసింటాది తాతా. తొట్టి కడగలేదేమో. ఏ బూజు పట్టిన గింజలు ఏసిందో ఏమో. ఆయమ్మకు సుబ్రం తక్కువ."

తాత విల్లు అందుకుని మళ్లీ ఏకడం మొదలుపెట్టాడు. నారి మోగుతోంది, దూది లేస్తోంది. ఆ దుమ్ము గొంతులో పడి దగ్గు వచ్చింది ఆయనకు. పెదాలు నాకుకున్నాడు. చేదు ఇంకా దిగలేదు. మళ్లీ దగ్గాడు. మళ్లీ ఏకాడు.

కుల్లాయమ్మ చెప్పుకుంటూనే పోతోంది. మారెక్క ఏమేం తప్పులు చేసి ఉండవచ్చో ఒక్కొక్కటే తీస్తోంది.

"కుల్లాయమ్మా" అన్నాడు తాత. "నీళ్లు."

ఆమె లేచి, మూలనున్న కుండలోంచి చెంబుడు ముంచి ఇచ్చింది. తాత తల పైకెత్తి, గుక్క గుక్కకూ గొంతు కదులుతుండగా తాగాడు. చెంబు ఖాళీ అయింది.

"ఇంకొంచెం."

మళ్లీ ముంచి ఇచ్చింది. అదీ తాగి, చెంబు ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు అడిగేకి నోరుంది" అన్నాడు. విల్లు అందుకున్నాడు.

కుల్లాయమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బయట బండలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. నారి మోత ఒక్కటే వినబడుతోంది.

"మారెక్క అడిగింది తాతా."

నారి ఆగింది.

"ఒక్క ముంతడు మామూలు నీళ్లు పెడ్తానని అడిగింది. నా ఎనకాల రోడ్డు దాకా వచ్చి అడిగింది. నేనే వద్దంటి."

ఇది తాతకు తెలియదు. ఆయన నారికి చుట్టుకున్న దూదిని వేళ్లతో నెమ్మదిగా తీస్తూ కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు.

ఆమె భుజం మీది సంచి తీసి ఆయన ముందు పెట్టింది. "ఇది నువ్వే పెట్టుకో తాతా."

"నేనేం సేసుకుందు? నాకు పరుపులున్నాయి కుట్టేకి." సంచిని ముట్టుకోకుండా అన్నాడు. "నా కాడ కూకుంటే ఏమొస్తాది? ఆడికి పో."

ఆమె సంచి ఎత్తుకుని గుట్ట దిగింది.

దారిలో ఇంటికెళ్లి, గుడ్లకొచ్చిన పెట్టలు రెంటిని చంకన పెట్టుకుని మారెక్క ఊరికి నడిచింది. మారెక్క గడప మీద కూర్చుని ఉంది. ఆమె చూపు ముందు పెట్టల మీద, తర్వాత సంచి మీద పడింది.

"సంచి బయట పెట్టి రా" అంది.

కుల్లాయమ్మ సంచిని వాకిలి బయట గోడ మీద పెట్టి లోపలికి వచ్చింది. మారెక్క లేచి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఎండనపడి వచ్చినావు. తాగు."

"అక్కా, నువ్వు ఆ పొద్దు సెప్పినప్పుడు..."

"తాగు ముందు."

తాగింది. ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. అంత చల్లగా ఉండకపోతే బాగుండునని అనిపించింది.

"పెట్టల్ని తీసుకుంటా" అంది మారెక్క. "తీసుకోను పో అనేంత గొప్పదాన్ని కాదు. మందు మాత్రం నా వాకిట్లోకి తేవద్దు. ఎప్పటికీ."

"సరేనక్కా."

చచ్చినవాటినీ బతికినవాటినీ మారెక్క పైనుంచే ఎత్తి తీసినట్టుంది, మూలన తడిక కట్టినట్టే ఉంది. కుల్లాయమ్మ వెళ్లి ముడులు విప్పడం మొదలుపెట్టింది. తనే వేసిన ముడులు. బాగా గట్టివి. ఒక పట్టాన రాలేదు. తడిక పక్కకు లాగితే లోపల తొట్టి కనబడింది. నిండుగా ఉంది. తను పోసిన మందు పోసినట్టే ఉంది. అంచు చుట్టూ మట్టిలో కోడిగోళ్ల గీతలు.

పొద్దున వచ్చినప్పుడు ఆమె చచ్చిన కోళ్లను చూసింది. తొట్టిని చూడలేదు.

తొట్టి ఎత్తి బయట కుమ్మరించింది. కడిగింది. మళ్లీ కడిగింది. మంచినీళ్లు నింపి పెట్టింది. మిగిలిన కోళ్లు దూరం నుంచి చూశాయి. చాలాసేపటిదాకా ఒక్కటీ దగ్గరికి రాలేదు. మెడమీద ఈకలు ఊడిన పుంజు ఒకటి చివరికి వచ్చింది. ముక్కు ముంచి, తల ఎత్తి, మింగింది. మళ్లీ ముంచింది. కుల్లాయమ్మ గొంతుక్కూర్చుని అది చాలనుకునేదాకా చూసింది.

తర్వాత ఆమె మందు ఇవ్వడం మానలేదు. పలచగా కలిపేది, పొద్దున పూటే పెట్టేది. పెట్టినాక వాకిట్లోనే కూర్చునేది. చివరి కోడి మెడ ఎత్తి మింగేదాకా లేచేది కాదు. ఒక్కటి మొహం తిప్పుకున్నా మందు పారబోసి, నీళ్లు పెట్టి, మర్నాడు మళ్లీ వచ్చేది. "కుల్లాయమ్మను పిలిస్తే మందుకో పూట, కూకునేకో పూట" అని ఊళ్లల్లో నవ్వుకునేవాళ్లు. "రెండు పూటలా సంగటి పెట్టాల" అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. లేచేది మాత్రం కాదు.

మారెక్క ఇంటికి పోయినప్పుడల్లా సంచి గోడ మీదే పెట్టి లోపలికి పోయేది. మారెక్క ఎన్నడూ లోపలికి తెమ్మనలేదు. కుల్లాయమ్మ ఎన్నడూ అడగలేదు.

ఆ తర్వాత ఆమె ఎన్నో ఊళ్లు తిరిగింది, ఎన్నో మందలకు మందు పోసింది. తడిక మాత్రం ఏ వాకిట్లోనూ కట్టించలేదు.