వెనక కూర్చున్న మనిషి

ఓబులేసు బండి నాలుగు నెలలుగా బాగు కావడం లేదు.

గురువారం సాయంత్రం దర్గా అరుగు మీద దస్తగిరి తాత ముందు కూర్చుని ఆ మాటే చెప్పాడు. తాత ఒకప్పుడు గుత్తి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టినవాడు. ఇప్పుడు గుట్ట కింద ఆ చిన్న దర్గాను కనిపెట్టుకుని ఉంటున్నాడు. అడిగినవాళ్ళకు దిండ్లు కుట్టి ఇస్తాడు. దేవుడి గురించి అడిగితే మాత్రం మాటలు తక్కువ. పన్నెండేళ్ళుగా ఓబులేసు ప్రతి గురువారం వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చుని పోతాడు. నీ గురువెవరని ఎవరన్నా అడిగితే ఆయన పేరే చెబుతాడు.

"మెకానిక్కుకు ఇవ్వు నాయనా," అన్నాడు తాత, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఇస్తే వాడు బాగు చేస్తాడు తాతా. తప్పు యాడుందో చెప్పడు. నాకు ఆ తప్పు తెలియాల."

"తెలిస్తే?"

ఓబులేసు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నలభై ఏళ్ళ మనిషి, ఈ నాలుగు నెలల్లో యాభై దాటినవాడిలా అయిపోయాడు.

తాత సూదిని దిండుకు గుచ్చి అతని మొహం చూశాడు.

"ఆదివారం మీ ఇంటికి వస్తా," అన్నాడు.

*

ఓబులేసు కరెంటు లైన్‌మన్. ఆ వేసవి చివర పెద్ద గాలివాన వచ్చి వరసగా స్తంభాలు పడిపోతే, రెండు రోజులు ఆ పని మీదనే ఉన్నాడు. తోటివాళ్ళు వంతులేసుకుని కునుకు తీశారు. అతను తీయలేదు. ఓబులేసుకు అలుపు తెలీదని ఊళ్ళో అంటారు. ఆ మాట వినడం అతనికి ఇష్టం.

మూడో రోజు పొద్దున ఇంటికొచ్చి స్నానం చేశాడు. ఆ రోజే మరదలి బిడ్డకు పేరు పెడుతున్నారు. పదకొండు మైళ్ళు పోవాలి. భార్య ఈశ్వరమ్మ అతని మొహం చూసి, "రెండు గంటలు పడుకో. సాయంత్రం పోదాంలే," అంది. అతను అప్పటికే బండిని కిక్కు కొడుతున్నాడు. పద్దెనిమిదేళ్ళనాటి బండి. మూడో కిక్కుకు లేచింది.

అరగంట తర్వాత, తిన్నగా ఉన్న రోడ్డు మీద, వాన నీళ్ళు పోయే మోరీ పక్కన ఆ బండి గుంతలోకి పోయింది. ఎదురుగా ఏ వాహనమూ రాలేదు. అడ్డంగా మేక కూడా రాలేదు. ఓబులేసుకు మోచేయి గీసుకుపోయింది, అంతే. ఈశ్వరమ్మ ఎడమకాలు బండి కింద పడి మోకాలి దగ్గర రెండుగా విరిగింది.

ఆసుపత్రి వరండాలో ఆమె తమ్ముడు పరుగున వచ్చి, "ఎట్ల జరిగింది బావా?" అని అడిగాడు.

"బ్రేకు పడలేదు," అన్నాడు ఓబులేసు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలీదు. వచ్చేసింది. ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాడు. పాత డొక్కును అమ్మేయమని ఎన్నిసార్లు చెప్పినాం అని అందరూ బండిని తిట్టారు. చెప్పగా చెప్పగా అతనికీ అది నిజమే అనిపించసాగింది.

బండిని ట్రాక్టరులో ఇంటికి తెప్పించి రేకుల కొట్టంలో పెట్టుకున్నాడు. డ్యూటీ నుంచి రాగానే అక్కడ కూర్చునేవాడు. వంగిపోయిన ముందు ఫోర్కు తీసేసి, అనంతపురంలో పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి వేరేది తెచ్చి వేశాడు. ట్యాంకు సొట్టలు కొట్టించి, రంగు వేశాడు. హెడ్‌లైటు మార్చాడు. ఇవన్నీ మొదటి నెలలోనే అయిపోయాయి. మిగిలింది బ్రేకు. దాన్ని విప్పడం, తుడవడం, చూడడం, మళ్ళీ బిగించడం, మర్నాడు మళ్ళీ విప్పడం. మూడు నెలలు అదే పని.

ఇంట్లో ఈశ్వరమ్మ కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటోంది. ఆశా కార్యకర్తగా ఊళ్ళో గడపగడపా తిరిగిన మనిషి. ఆ పని ఇప్పుడు వేరే ఆమె చేస్తోంది. కింద కూర్చోలేక నిలబడే వంట చేస్తుంది. భార్యాభర్తలు తిండి గురించి, మాత్రల గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి మాట్లాడుకునేవాళ్ళు. పడిన రోజు గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం తాత బస్సు దిగి వచ్చాడు. ముందు రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఓబులేసు దాని దగ్గరే ఉండి, ఆ పొద్దునే ఇల్లు చేరాడు. పడుకోలేదు. తాత వస్తాడని సామానంతా గోనెపట్ట మీద వరసగా పరిచి పెట్టాడు.

ఈశ్వరమ్మ మజ్జిగ ఇచ్చింది. తాత తాగి, చెంబు ఆమె చేతికే ఇచ్చి కొట్టంలోకి వచ్చాడు. ఆమె వాకిట్లో కర్ర మీద ఆనుకుని నిలబడింది.

తాత గోనెపట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కోటీ చేత్తో ముట్టుకున్నాడు.

"ఇది విరిగిందా?"

"లేదు తాతా."

"ఇది?"

"కొంచెం అరిగింది. పట్టేదానికి ఏం తక్కువ లేదు."

"ఇది తెగిందా?"

అది బ్రేకు కేబులు. "తెగలేదు. లోపల పోగు తెగి ఉంటుందేమో. కనపడడం లేదు."

తాత కేబులు రెండు కొసలనూ చేతులకు చుట్టుకుని లాగాడు. మెడ మీద నరాలు లేచేదాకా లాగాడు. కేబులు తెగలేదు. దాన్ని విప్పి, ముందున్న చోటే పెట్టాడు.

"స్టాండు గట్టిదేనా?" అని అడిగాడు.

"గట్టిదే తాతా."

తాత లేచి, లుంగీ పైకి కట్టుకుని, మెల్లగా కాలెత్తి బండి వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. సర్దుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వూ ఎక్కు," అన్నాడు.

"యాడికి తాతా?"

"ఆ పొద్దు యాడికి పోతివి?"

ఓబులేసు భార్య వైపు చూశాడు. అతను ఎక్కి కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"దారి చెప్పు. నేను చూసింది కాదు."

"ఊరు దాటితే రైలు గేటు తాతా. గేటు వేసుంది ఆ పొద్దు. గూడ్సు బండి పోయేదాకా నిలబడినాం."

"పోయిందా?"

"పోయింది. గేటు దాటితే శెనక్కాయల మిల్లు. మిల్లు దాటినాక మలుపు లేదు. తిన్నగా రోడ్డు. రెండు పక్కలా బీడు."

"ఎండగా ఉందా?"

"లేదు. వాన పడినాక కదా. చల్లగాలి తగుల్తా ఉంది మొహానికి."

"ఊ."

"రోడ్డు మీద ఎవరూ లేరు."

"ఊ."

"ఇంకా మోరీ రాలేదు తాతా."

"రానీలే. తొందరేముంది?"

కొట్టం వెనక ఎక్కడో కోడి కొంచెంసేపు అరిచి ఊరుకుంది. రేకుల వేడి తల మీదికి దిగుతోంది. భుజం మీద ముసలి చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. ఓబులేసు మోరీ ఎప్పుడు వస్తుందా అని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా మట్టిగోడ. గోడ మసకబారింది. మళ్ళీ కనపడింది. మళ్ళీ మసకబారింది.

అతని వీపు మెల్లగా వెనక్కి ఒరిగింది. తల తాత భుజం మీదికి జారింది.

తాత రెండు చేతులూ అతని నడుము చుట్టూ వేసి పట్టుకున్నాడు. బరువుకు ముసలి మనిషి సీటు మీద వెనక్కి జరిగాడు. ఈశ్వరమ్మ కర్ర ఊతంతో రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఇద్దరూ పడతారు తాతా. లేపుతా ఉండు."

"వద్దమ్మా. ఉండనీ."

ఆమె అక్కడే ఆగింది. మొగుడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చేతులింకా హ్యాండిలు మీదే ఉన్నాయి, పట్టు లేకుండా. ఆమె చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు కూడా ఇట్లే ఒరిగినాడు తాతా," అంది.

తాత తల తిప్పి ఆమెను చూశాడు.

"ముందు వీపు మెత్తబడింది. తరువాత తల నా మీదికి వచ్చింది. రెండు సార్లు పిలిచినా. పలకలేదు. నువ్వు పట్టుకున్నట్లే పట్టుకున్నా. గట్టిగా పట్టుకుంటే నిలుస్తాడనుకుంటి." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నా బలం చాల్లేదు."

ఏ మాట దగ్గర మెలకువ వచ్చిందో గాని, ఓబులేసు కళ్ళు తెరిచాడు. కదల్లేదు. కొంతసేపటికి హ్యాండిలు వదిలి, తాత చేతులు తన నడుము మీదనుంచి తీసి, బండి దిగాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"వెనక కూర్చున్నది నేనే కదా."

"మరి నాలుగు నెలలు ఒక్క మాట అనకపోతివే."

"నువ్వే చెప్తావని చూసినా. నువ్వు బండి విప్పుకుంటా కూర్చుంటివి." ఆమె ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. నొప్పికి పెదవి కరుచుకుంది. "మా తమ్ముడు వచ్చి బ్రేకును తిడతాడు. నేను ఊ కొట్టాల. నా కాలు నొప్పి కంటే అది ఎక్కువైంది నాకు."

ఓబులేసు గోనెపట్ట వైపు చూశాడు. మూడు నెలలు తుడిచి తుడిచి మెరుస్తున్న ముక్కలు.

"పడుకొమ్మంటివి. వినకపోతి," అన్నాడు.

"ఊ," అంది ఆమె.

తాత బండి దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

"బస్సు వేళయింది," అన్నాడు.

*

బస్సు ఆగే చోటుకు ఇద్దరూ నడిచారు. బస్సు దూరంగా కనపడ్డాక ఓబులేసు అడిగాడు.

"ఆమె నన్ను మన్నిస్తుందా తాతా?"

"నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు తాత. "ఈ పొద్దు కూర్చున్నది నేను. ఆ పొద్దు కూర్చున్నది ఆమె."

బస్సు ఆగింది. ఓబులేసు ఆయన చెయ్యి పట్టి ఎక్కించాడు. తాత కిటికీ పక్క కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. చాలా అలసిపోయాడు ఆయన కూడా.

ఇంటికి వచ్చేసరికి ఈశ్వరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది. ఓబులేసు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"రేపు మీ తమ్ముడి దగ్గరికి పోయి చెప్తా," అన్నాడు. "బ్రేకు కాదు, నాకు కన్ను మూతపడిందని. మీ చెల్లెలికి కూడా."

"వాళ్ళు ఊరుకోరు."

"ఊరుకోనక్కర్లేదు."

ఆమె తల ఊపింది.

"నువ్వు?" అని అడిగాడు.

ఈశ్వరమ్మ అతని మొహంలోకి చూసింది. కోపంతో కాదు. జవాబు వెతుక్కుంటున్నట్టు చూసింది, దొరకనట్టు కళ్ళు దించుకుంది.

"నాకు తెలీదు," అంది చివరికి. "అడిగినావు కదా, చెప్తాలే. ఇప్పుడు కాదు. నాకు శానా అలుపుగా ఉంది. కాసేపు పడుకోవాల."

అతను లేచి మంచం వాల్చాడు. పరుపు దులిపి పరిచాడు. ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆమె ఎడమకాలు తనంతట తాను పైకి ఎత్తుకోలేదని అతనికి ఇన్నాళ్ళూ తెలుసు. రోజూ పక్కింటామె వచ్చి ఎత్తి పెట్టేది. ఆ వేళకు అతను కొట్టంలో ఉండేవాడు.

ఇవాళ వంగి రెండు చేతులతో ఆ కాలు ఎత్తి మంచం మీద పెట్టాడు. మోకాలి కింద కుట్లు వేసిన చోటు చేతికి తగిలింది. పొడుగ్గా, గట్టిగా, తాడు కట్టినట్టుంది. పడిన రోజు నుంచి దాన్ని అతను ముట్టుకోలేదు. చెయ్యి వెనక్కి తీయబోయాడు. తీయలేదు.

ఈశ్వరమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. మళ్ళీ మూసుకుంది. కొంచెంసేపటికి ఊపిరి నిదానమైంది.

ఆమె నిద్రపోయింది. ఓబులేసు మంచం పక్కన మేలుకుని కూర్చున్నాడు.