రెండోవాడి మాట

చంద్రవంక రాజ్యంలో న్యాయాధికారి పీఠం ఖాళీ అయింది. తన రేవులో పదివేల తగవులు తీర్చిన పడవవాడు గంగుల్ని రాజు పిలిపించాడు. ఆ పీఠం మీద మంత్రి బావమరిదికీ కన్నుంది. ఇక మంత్రి గొంతెత్తితే ఏడూళ్ళ కాకులు లేచిపోయాయనుకోండి!

“వీడు లంచగొండి ప్రభూ!”

“అయితే పొమ్మను” అన్నాడు రాజు.

గంగులు చేతులు కట్టుకుని, “పోతాను దొరా. కానీ పడవలో ఎవరైనా తగువాడితే, రెండోవాడి మాటా వినేదాకా నేను ఒడ్డు చేర్చను. తమరు నన్నడక్కుండానే తీర్పు చెప్పేశారు. రెండువైపులా వినేవాణ్ణి త్వరగా పెట్టుకోండి” అన్నాడు.

రాజు ఉలిక్కిపడి మంత్రివైపు తిరిగాడు. “లంచం సంగతి నీకెవరు చెప్పారు?”

“మా... మా బావమరిది ప్రభూ.”

సభ నవ్విన నవ్వుకి పైకప్పు పెంకులు ఎగిరిపోయాయి. రాజు గంగుల్ని చెయ్యి పట్టుకుని పీఠం ఎక్కించాడు.

గంగులు మాత్రం నవ్వలేదు. “ఆ బావమరిదిగార్ని పిలవండయ్యా, ఆయన మాటా విందాం” అన్నాడు.