దేవుడి గూటికి చట్రం

అవునా కాదా అని అడిగితే అవుననో కాదనో చెప్పే అలవాటు బ్రహ్మలింగం మాస్టారికి లేదు. ఐటీఐలో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆదివారాలు తన పెరటి షెడ్డులో, సరదాకి కర్రపని నేర్చుకునే ఉద్యోగస్తులకి పాఠం చెబుతారు. ప్రశ్న వేస్తే చిత్రిక పట్టడం ఆపరు. ఆపారంటే ఎవరి సంగతో చెప్పబోతున్నారని అర్థం.

ఆ ఆదివారం ప్రశ్న హిమజది. ఆమె ఫిజియోథెరపిస్టు. అద్దె ఇంట్లో కారు షెడ్డు ఖాళీగా ఉంటే అందులో చిన్న వర్క్‌షాపు పెట్టుకుంటోంది. "ఇంట్లో పని చేసుకునేవాళ్లకి మైటర్ సా తప్పనిసరా కాదా, తేల్చి చెప్పండి మాస్టారూ" అంది. కర్రని బల్లకి ఆనించి, కోణం బిగించి, మోటారు మీద తిరిగే గుండ్రటి రంపాన్ని కిందికి దించడమే మైటర్ సా పని. నలభై అయిదు డిగ్రీలంటే నలభై అయిదే తెగుతుంది. ఫొటో ఫ్రేముకో కిటికీ చట్రానికో మూలలు కలపాలంటే అంతకన్నా సుఖం లేదు.

మాస్టారి కంటే ముందు జోగారావు గారు అందుకున్నారు. ఆయన ఎల్‌ఐసీలో చేసి రిటైరైనాయన. "ఏం రోజులమ్మా! జిమ్ముకెళ్లి చేతులూపుతారు, ఇంట్లో రంపం లాగమంటే మోటారు కావాలి."

"మీరు చేత్తో కోసి చేసిన స్టూలు మీద మీరే కూర్చోవడం లేదు కదండీ" అంది హిమజ. షెడ్డంతా నవ్వింది. జోగారావు గారు కూడా నవ్వారు; స్టూలు వైపు మాత్రం చూడలేదు. హిమజ వదల్లేదు. "అసలు లాభం కోత ఒక్కటే కాదండీ. కొలతలు చేతికొస్తే చాలు. మా పిన్ని కాకినాడ నుంచి ఫోన్లో చెబుతుంది, నేనిక్కడ కోసి పార్శిల్ చేస్తాను. వెళ్లే పనే ఉండదు."

అప్పుడు మాస్టారు చిత్రిక పక్కన పెట్టారు. కామేశం అని తన స్నేహితుడొకాయన సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

కామేశం స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. కర్రపని మాస్టారి దగ్గరే నేర్చుకున్నాడు. ఆయనకి ఒక్కతే చెల్లెలు, రాజ్యం. అదే ఊళ్లో, బజారు దాటాక మూడో వీధిలో ఆమె అత్తవారిల్లు. సున్నం గోడల పాత ఇల్లు. ఆ ఇంట్లో రాజ్యం కూతురి పెళ్లి జరిగింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తీసుకురావాల్సింది మేనమామ. కామేశం ఆ రోజు పరీక్షల డ్యూటీ ముగించుకుని పొరుగూరి నుంచి రావాలి. బస్సు చెడిపోయింది. ఇక్కడ పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గొడవ. రాజ్యం వీధి గుమ్మంలో నిలబడి, ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అంటూ అందర్నీ ఆపింది. ఆఖరికి రాజ్యానికి వరసకి అన్న అయిన వాడొకడు బుట్ట ఎత్తాడు. కామేశం వచ్చేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు. అక్షింతలు వేశాడు, భోజనానికి కూర్చోకుండా వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అలాగని పోట్లాటా లేదు. పండగకి రాజ్యమే అన్నగారింటికి వచ్చేది. ఆయన మర్యాదగానే మాట్లాడేవాడు, చీర పెట్టేవాడు, వీధి చివరిదాకా సాగనంపేవాడు. "మా ఇంటికి ఎప్పుడొస్తావన్నయ్యా" అంటే, "నేను లేకపోతే ఆగిపోయే పనులేవీ మీ ఇంట్లో ఉండవు కదే" అనేవాడు. ఆ మాటకి ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు. వాదనలో ఓడిపోని మనిషి ఆయన. ఓడిపోకపోవడం ఎంత నష్టమో ఆయనకి చెప్పగలిగినవాళ్లు ఇంట్లో లేరు, బయటా లేరు.

ఆయన లేకపోతే ఆగిపోయే పని ఒకటి రాజ్యం వెతికింది. వాళ్ల దేవుడి గదిలో గోడకి ఒక గూడుంది, దేవుడి పటాలు పెట్టుకునేది. దాని అంచులు పెచ్చులూడుతున్నాయి. చుట్టూ టేకు చట్రం బిగించాలి. "నువ్వే చెయ్యాలన్నయ్యా. ఒకసారి వచ్చి కొలుచుకుని వెళ్లు" అంది.

ఇక్కడ మాస్టారు ఆగి, శిష్యులందరికీ తెలిసిన విషయమే మళ్లీ చెప్పారు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ పాత గోడకి టేపుతో కొలత తియ్యరు. కర్రముక్కనే తీసుకెళ్లి, దాన్ని బిగించే చోట ఆనించి, అక్కడే పెన్సిలుతో గీత గీస్తారు. గోడ ఎటు ఒరిగితే గీతా అటే ఒరుగుతుంది. రంపం ఆ గీత వెంట పోతుంది. కామేశం చేసిన పనంతా అలా చేసిందే. అలా చెయ్యాలంటే చెల్లెలి ఇంటికి వెళ్లాలి.

కామేశం వెళ్లలేదు, మైటర్ సా కొన్నాడు. అందుకే కొన్నాడని మాస్టారు అనలేదు. కొన్నాక ఫోన్ చేసి, "కొలతలు చెప్పు చాలు" అన్నాడని మాత్రం అన్నారు.

రాజ్యం ఫోన్ భర్తకి ఇచ్చింది. ఆయన పొడవూ వెడల్పూ చెప్పాడు. ఒక్క పూటలో చట్రం తయారైంది. నాలుగు మూలల్లో ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు. దాన్ని గోనె సంచిలో చుట్టి ఆటో ఎక్కించాడు. ఆటో అతను అడ్రసు విని, "ఇంత దగ్గరకి ఆటో ఏటండీ బాబూ, చంకలో పెట్టుకుని నడిచెళ్లిపోవచ్చు" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు కామేశం.

సాయంత్రానికి చెల్లెలి ఫోను. "చట్రం బంగారంలా ఉందన్నయ్యా. గూట్లో పెడితే మాత్రం కింద ఓ మూల వేలు దూరేంత సందు వస్తోంది. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

"నా కోత తప్పు కాదు. మూలమట్టం పెట్టి చూడమను మీ ఆయన్ని. మీ గోడే వంకర."

"వంకరే అన్నయ్యా. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ వంకరే" అంది రాజ్యం నవ్వుతూ. "అందుకే రమ్మంటున్నా."

ఆయన రెండో చట్రం చేశాడు, కొంచెం బిగువుగా. అది పైన పట్టేసి లోపలికి వెళ్లలేదు. "పోనీ గూటికి కాగితం ఆనించి గీసి పంపించు" అన్నాడు. "నాకు గియ్యడం రాదు, నువ్వొచ్చి గీసుకో" అంది. ఇల్లంతా తిన్నగా ముగ్గులు పెట్టే మనిషి గియ్యడం రాదంటోందంటే కామేశానికి అర్థం కాకుండా ఉంటుందా? అర్థమైంది. మాస్టారి దగ్గరికి వచ్చి, "నన్ను రప్పించడానికి ఎత్తులు వేస్తోంది మాస్టారూ, నేనా పడేది?" అని నవ్వాడు కూడా. మాస్టారు నవ్వలేదట. అంతకుమించి ఏమీ అనలేదు కూడా. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చూపు కిందికి దిగింది.

మూడో చట్రం వెళ్లింది. ఆ రోజు ఫోను రాలేదు. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. రాజ్యం, "సరిపోయిందన్నయ్యా. ఇంక శ్రమ పడకు" అంది.

కామేశం గెలిచినట్టు తిరిగాడు. గడప దాటకుండా వంకర గోడకి చట్రం కుదిర్చానని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఆ పండగకి రాజ్యం వచ్చింది, చీర తీసుకుంది, ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు. అడగలేదన్న సంగతి ఆయన గమనించలేదు.

తర్వాత రాజ్యం మరుదులు ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడదామన్నారు. రాజ్యం, ఆమె భర్త సామాను సర్దుకుని బరంపురంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లే ముందు అన్నగారికి కబురు చేసింది: పాత దూలాలు మంచి టేకు, పారెయ్యడం ఎందుకు, నువ్వు తీసుకో అని. అలా కామేశం, తోడుగా మాస్టారు, ఆ ఇంటి గుమ్మంలోకి అడుగు పెట్టారు. లోపల మనిషి లేదు. పెంకులు అప్పటికే దింపేశారు. గదుల్లో ఎండ పడుతోంది. కూలీలు గునపాలతో వెనక గోడ దగ్గరున్నారు.

కామేశం దూలాల వైపు చూడలేదు. సరాసరి దేవుడి గదిలోకి వెళ్లాడు. పసుపు మరకల్ని బట్టి గూడు అదేనని తెలుస్తోంది. దానికి చట్రం లేదు. ఊడబెరికి తీసుకెళ్లారేమో అనుకున్నాడు. మాస్టారు దగ్గరికెళ్లి చూశారు. గూటి అంచు చుట్టూ ఎక్కడా ఒక్క మేకు గుర్తు లేదు, ఎప్పటివో పెచ్చులూడిన అంచులే. మూడో చట్రం ఆ గోడకి ఎన్నడూ ఎక్కలేదు.

కామేశం అక్కడే నిలబడి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"రాజ్యం, మీ ఇంట్లో ఉన్నానే."

అవతలి నుంచి ఆమె మెల్లగా, "ఏ గదిలో ఉన్నావన్నయ్యా?" అంది.

"దేవుడి గదిలో. చట్రాలేవే?"

"నాతో తెచ్చుకున్నాను, మూడూ." అంది ఆమె. "అయ్యో, కూర్చోమందామంటే ఇప్పుడక్కడ పీట కూడా లేదే."

కామేశం ఫోన్ చెవి దగ్గర అలాగే ఉంచుకుని, రెండో చేత్తో గూటి కింది మూల తడిమాడు. ఆ వంకర నిజంగా చిన్నదే. పెన్సిలు పట్టుకుని ఒక పూట వచ్చి కూర్చుంటే, కాఫీ చల్లారేలోపు గీత గియ్యగలిగేంత చిన్నది. కూలీ ఒకతను వచ్చి, "బాబూ, ఈ గోడ కొట్టాలండి, కాస్త ఇవతలికి రండి" అన్నాడు. ఆయన కదలలేదు. మాస్టారే భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. దూలాలు తీసుకోకుండానే ఇద్దరూ తిరిగి వచ్చేశారు.

మాస్టారు చెప్పడం ముగించారు. జోగారావు గారు గొంతు సవరించుకుని, "నేను చెప్పలేదూ, చేతి రంపమే..." అని మొదలుపెట్టి, ఎవరూ తన వైపు చూడకపోవడంతో ఊరుకున్నారు.

హిమజకి కళ్లు తడిగా ఉన్నాయి, కానీ వాదన వదిలే మనిషి కాదు. "ఇందులో తప్పు ఆయనది గానీ యంత్రానిది కాదు కదా మాస్టారూ. చేతి రంపమే ఉన్నా ఆయన వెళ్లేవాడు కాదేమో. నేను అడిగిందానికి జవాబు రాలేదు. కొనమంటారా, వద్దంటారా?"

"కొనుక్కో అమ్మా, మంచి పనిముట్టు" అన్నారు మాస్టారు, చిత్రిక మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "అవతలి గోడ వంకరో తిన్ననో దానికి పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. అది రంపం."